కేకుపై ముడియద్దకము



పిల్లల పుట్టినదినమున కేకు కోయు నాచారము మన యిండ్లలో నెప్పుడు ప్రవేశించెనో గాని, దానిని వెడలగొట్టుట యిప్పుడు మన తరము గాదు. పొయ్యిమీద పాయసము ఉడుకుచుండగనే బల్లమీద కేకు ఉండవలయును. మేమును మొదట సణిగితిమి, పిమ్మట నేర్చుకొంటిమి. ఈ మాసము మేము వ్రాయబూనినది కేకు చేయు విధమును గూర్చి కాదు. అది మీలో ననేకులకు మాకంటె బాగుగా తెలిసియుండును. కేకుపై పరచు చక్కెర పొరను, ముడులు వేసి రంగు లద్దిన వస్త్రమువలె సుడులు సుడులుగా నగుపడునట్లు చేయుట యెట్లన్నదియే మా విషయము. ఆంగ్లమున దీనిని టై-డై కేకు అందురు.

గడచిన శ్రావణమాసమున మా అమ్మాయికి పదియేండ్లు నిండినవి. అది కోరినవి రెండే. మొదటిది, తన నేస్తురాలి చొక్కామీద నున్నట్టి రంగుల సుడి కేకుమీద నుండవలెను. రెండవది, ఆ కేకును నాయనమ్మ తినవలెను. మొదటి కోరిక మాకు కొత్త. రెండవది కష్టము.

మా అత్తగారు కోడిగ్రుడ్డు తగిలిన గిన్నెను గూడ ముట్టరు. అంగడినుండి కేకు వచ్చిన యేండ్లలో నామె మనుమరాలి నెత్తిన అక్షతలు చల్లి, దూరముగా కుర్చీలో కూర్చుండి చూచుచుండెడివారు. పిల్ల ముక్క తీసికొనిపోయి నోటి కందింపబోవుట, ఆమె నవ్వుచు తల త్రిప్పుకొనుట, పిల్ల చిన్నబుచ్చుకొని మరలివచ్చుట ప్రతియేటను జరుగుచుండెను. గ్రుడ్డు లేని కేకు మేము పెరుగు, వంటసోడా వేసి చేయగలము గనుక ఈసారి చిక్కులేదని తలంచితిమి. చిక్కు కేకులో లేదు, పైపొరలో నున్నది.

ఆ పొరను ఫాండెంట్ అందురు. కరుగుట యను నర్థము గల ఫ్రెంచి మాటనుండి వచ్చిన పేరిది. పేరు పరాయిదే గాని పదార్థము మనకు మిక్కిలి పరాయిది కాదు. చక్కెరను నీటితో కాచి, 115 డిగ్రీల వేడి కంటువరకు, అనగా చన్నీట వేసిన బొట్టు మెత్తని ఉండ యగువరకు ఉడికించి, చల్లార్చి చిలికినచో తెల్లని వెన్నవంటి ముద్ద వచ్చును. ఇది మూల ఫాండెంట్. మన పంచదార చిలుకలకు పాకము పట్టునప్పుడును ఇట్లే కాచి, త్రిప్పి, తెలుపు రాగానే కొయ్య అచ్చులలో పోయుదుము. ఉండపాకము తెలిసిన గృహిణికి ఉష్ణమాపక యంత్రముతో పనిలేదు. అయితే కేకుపై దుప్పటివలె పరచునది దీనికి చెల్లెలు. దానిని కాచి చిలుకరు. మెత్తని పొడిచక్కెరను బంకపదార్థముతో చపాతిపిండివలె పిసికి చేయుదురు. సాగుటకు గ్లూకోజు, ఎండిపోకుండుటకు గ్లిసరిను, పట్టు కొరకు జెలటిను అందు చేరును.

ఈ జెలటిను మాటయే మమ్ము తడబెట్టినది. అది పశువుల చర్మములు, ఎముకలు ఉడికించి తీసినది. మేము పట్నమునుండి తెప్పించిన పొట్లమును మూత విప్పి, సగము పిసికిన పిమ్మటగాని అడుగుభాగము చూడలేదు. గోధుమరంగు చదరములో గోధుమరంగు త్రికోణము కనబడెను. శాకాహారమునకు ఆకుపచ్చ చదరములో ఆకుపచ్చ చుక్క యుండునని మీ రెరుగుదురు. మాంసాహారమునకు గుండ్రని చుక్కకు బదులు ఈ త్రికోణమును నిర్ణయించినది 2020 సంవత్సరపు నిబంధన. రంగులు గుర్తుపట్టలేనివారు ఆకారముచేత తెలిసికొనవలెనని ఉద్దేశము. అంగడివారిని అనుట కేమియు లేదు. గుర్తు ఉండనే యున్నది, మేమే చూడలేదు.

ప్రక్కనే నిలుచున్న మా అమ్మాయి పొట్లము వంకను, మా ముఖము వంకను చూచి, మెల్లగా, "అమ్మా, నాయనమ్మకు చెప్పకపోతేనేం? ఆవిడకేం తెలుస్తుంది?" అనెను.

నిజము చెప్పవలెనన్న, ఆ మాట అదియే ముందు అన్నందుకు మాకు సిగ్గు కలిగెను. మేమును క్షణకాలము అదియే తలంచితిమి. రాత్రి తొమ్మిది గంటలు, తెల్లవారిన పండుగ. మా అత్తగారు మా చేతివంటను శంకింపక ముప్పూటల తినువారు. ఆ నమ్మకము మా వంటింటిలో నున్న వస్తువులన్నిటికంటె పాతది. ముద్దను చెత్తబుట్టలో వేసితిమి. పిల్ల యేడ్చెను. "నాయనమ్మ తినవలెనని కోరినది నీవే గదా" అంటిమి. మారుమాట లేదు గాని, ఏడుపు మానుటకు మాత్రము కొంత సేపు పట్టెను.

జెలటినుకు బదులు చైనాగ్రాసు పనిచేయును. అది సముద్రపు నాచునుండి తీయునది. మా ఇంట దాని పొడి ఉండెను. ఆ రాత్రి మేము చేసిన పాళ్ళు ఇవి. చైనాగ్రాసు పొడి చెంచాన్నర 80 మిల్లీలీటర్ల నీటిలో వేసి, సన్నని మంటమీద కలియబెట్టుచు పూర్తిగా మరగనిచ్చితిమి. జెలటిను గోరువెచ్చని నీటికే కరగును గాని ఇది మరగనిదే కరగదు. చాలామందికి ముద్ద పలుకులుగా వచ్చుట ఇందుచేతనే. అందులో గ్లూకోజు పాకము 150 గ్రాములు, గ్లిసరిను ఒక పెద్దచెంచా, నెయ్యి రెండు చెంచాలు వేసి దింపితిమి. గ్లిసరిను సీసామీద సైతము ఆకుపచ్చ చుక్క చూచి కొనుడు. అది కొవ్వులనుండియు తీయుదురు, నూనెలనుండియు తీయుదురు. వేడి తగ్గకమునుపే, పలుచని గుడ్డలో రెండుమారులు జల్లించిన చక్కెరపొడి 900 గ్రాములు కొంచెము కొంచెముగా చేర్చి పిసికితిమి. అరచేతికి నెయ్యి రాచికొని పది నిమిషములు పిసుకగా, చెవితమ్మెవంటి మెత్తన వచ్చెను. కేకు సరకులమ్మువారివద్ద సి.ఎం.సి. యను బంకపొడి దొరకును. అది ఒక చెంచా చేర్చినచో పొర చిరుగదు. ముద్దను గాలి చొరని సంచిలో చుట్టి ఒక రాత్రి ఉంచుట మేలు. మాకు అంత వ్యవధి లేక రెండు గంటలే ఉంచితిమి.

ఇంట చేసినది అంగడిదానివలె మల్లెపూవు తెలుపు కాదు, పాలమీగడ రంగు. చింత వలదు. ఆ మిరుమిట్ల తెలుపు కొరకు కలుపు టైటానియం డయాక్సైడును ఐరోపా సమాజమువారు 2022 లో ఆహారములందు నిషేధించిరి. మీగడరంగే మన కేకునకు చాలును.

ఇక రంగుల మాట. ఈ విషయమున కొంచెము నిలిచి చెప్పుట అవసరము. మన దేశమున తినుబండారములలో వేయదగిన కృత్రిమ వర్ణములు ఎనిమిది మాత్రమే. ఎరుపులలో పాన్సో 4ఆర్, కార్మోసిన్, ఎరిత్రోసిన్. పసుపులలో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలములలో ఇండిగో కార్మిన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. ఇవియు మిఠాయిలు మొదలగువానిలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. పొట్లాలలో పేరు లేక అమ్ము మెరుపు గులాబిరంగు తరచుగా రోడమిన్-బి యగును. అది బట్టల కద్దు రంగు. పీచుమిఠాయిలో నది కనబడినందుననే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వమువారు పీచుమిఠాయి అమ్మకమును నిషేధించిరి. మరుసటి నెలలో కర్ణాటకమువారు రంగు వేసిన పీచుమిఠాయిని నిషేధించిరి. వస్త్రమువలె కనబడు కేకు చేయుచున్నాము గాని, వస్త్రపు రంగు తినబెట్టుటకు కాదు గదా. ముదురెరుపు, నలుపు కావలెనన్న రంగు మిక్కుటముగా పట్టును, చేదెక్కును. పిల్లల కేకునకు లేతరంగులే అందము. పల్లీపుల్లంత సన్నని పుల్లకొన ముంచి తీసిన జెల్లురంగు వంద గ్రాముల ముద్దకు సరిపోవును. రాత్రి గడచిన పిదప రంగు తానే చిక్కబడును గనుక, చేయునపుడు చాలలేదని మరల వేయకుడు. నీళ్ళరంగులు ముద్దను జారుగా చేయును, వలదు. పసుపు, ఎండించి పొడిచేసిన బీటుదుంప, శంఖుపూవు పొడి వాడువారును గలరు. శంఖుపూవు నీలమునకు నిమ్మరసపు చుక్క తగిలినచో ఊదా యగును. పిల్లల కది చూపిన గంటసేపు అల్లరి మానుదురు.

సుడి వచ్చు విధమిది. ఒక్కొక్క రంగుముద్దను అరచేతిక్రింద దొర్లించి, వ్రేలిలావు తాడుగా చేయవలెను. తాళ్ళన్నిటిని ప్రక్కప్రక్కన పేర్చి, రెండు కొసలు పట్టి, తడిబట్ట పిండునట్లు నాలుగైదు మెలికలు త్రిప్పవలెను. ఆ పేనిన మోకును చక్కిలము చుట్టినట్లు నడుమనుండి చుట్టచుట్టి, అరచేత నదిమి, అప్పడాల కర్రతో నడిమినుండి అంచులకు ఒత్తవలెను. ప్రతి ఒత్తునకు పీటను కొంచెము త్రిప్పుచుండవలెను. తిరగవేయరాదు. మెలికలోని రంగులు ఒత్తిడికి సాగి, నడుమనుండి బయలుదేరిన సుడిగా విచ్చుకొనును. మెలిక త్రిప్పకయే తాళ్ళను వరుసగా నుంచి ఒత్తినచో, రాజస్థానపు లహరియా చీరలమీది వాలుచారలు వచ్చును.

మేము ముద్దలో సగము తీసికొని, ఇంద్రధనుస్సున కెన్ని రంగులో అన్నియు వేసితిమి. పిల్ల కోరిక గదా! ఎనిమిది మెలికలు త్రిప్పితిమి, ఎక్కువైనకొలది సొగసు హెచ్చునని తలంచి. ఒత్తి చూతుము గదా, నడుమ ఊదా పసుపుతో, ఎరుపు ఆకుపచ్చతో కలిసి, గోదావరి వరదనీటి రంగు వచ్చి కూర్చున్నది.

దీపము వెలుగుచుండుట చూచి మా అత్తగారు లేచివచ్చిరి. పీటమీదికి వంగి చూచి, "ఏమిటే అమ్మాయీ, ఈ బురద?" అనిరి. మేము సంగతి చెప్పితిమి, పొట్లము సంగతితో సహా. ఆమె దానిని గూర్చి యేమియు ననక కుర్చీ లాగుకొని కూర్చుండిరి.

ఆమె పుట్టినిల్లు చీరాల ప్రాంతము. అక్కడ తేలియా రుమాళ్ళు నేసెడివారు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద తేటలోను దినముల తరబడి నానబెట్టి, నేయకమునుపే దారపు చిలపలకు ముడులు బిగించి రంగులో ముంచి, ఆ ముడులు విప్పి నేసెడి రుమాలు అది. నూనె వాసన పట్టినందున ఆ పేరు. సముద్రముల కావలి అరబ్బు దేశములకును ఎగుమతి యయ్యెడిది. ఆ పని తరువాత నల్లగొండ సీమకు ప్రాకి, పుట్టపాక తేలియా రుమాలునకు 2020 లో భౌగోళిక గుర్తింపు లభించినది. మా అత్తగారు పసితనమున ప్రక్కయింటి అరుగుమీద కూర్చుండి ముడులు వేయుట చూచెడివారట.

"మా ఊళ్ళో వాళ్ళు ఎన్ని రంగులు వేసేవారనుకున్నావు? ఎరుపు, నలుపు, తెలుపు. అంతే. తెలుపు వేసేది కూడా కాదు. ముడి కింద దాచి పెట్టుకునేది. నీ చుట్టలో ముడి ఏదీ? అంతా రంగే పోశావు" అనిరి.

మేము సంస్కృతము చదువుకొన్నామని గర్వపడువారము. బాణభట్టు హర్షచరితమున రాజ్యశ్రీ వివాహ సన్నాహములు వర్ణించుచోట పట్టణపు వృద్ధస్త్రీలు ముడులు కట్టి అద్దించు వస్త్రముల ముచ్చట కలదు. ఏడవ శతాబ్దినాటికే ఈ విద్య యుండెననుటకు దానిని పండితులు చూపుదురు. ఆ ఘట్టము మేము రెండుమారులు చదివితిమి. ముడి యనునది రంగు వేయుటకు కాక రంగు తగులకుండుటకు గదా యను నూహ మాత్రము మాకు తోచలేదు. గుజరాతు బాంధనీకి, జపానువారి షిబోరికి, 1960 దశకమున అమెరికా యువజనులు వేసికొని తిరిగిన సుడిచొక్కాలకు గూడ ప్రాణము ఆ విడిచిన తెలుపే.

మిగిలిన సగముతో మరల చేసితిమి. ఈమారు సగము పాలు తెలుపు, దాదాపు 250 గ్రాములు. మిగతది గులాబి, పసుపు, నీలము ఒక్కొక్కటి 80 గ్రాములు. ప్రతి రంగుతాటికిని ప్రక్కతాటికిని నడుమ తెల్లతాడు. మెలికలు నాలుగే. ఎదురుబొదురు రంగులు, అనగా ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-ఊదా, నీలము-నారింజ, ఒకదాని నొకటి తాకినచో బురదయే యగును. నీలము పసుపును తాకినచోట లేత ఆకుపచ్చ, గులాబి పసుపును తాకినచోట నారింజ వచ్చెను. మేము వేయని రంగులు రెండు మూడు తామే వచ్చి చేరినవి. పిల్ల నిద్రలేచి వచ్చి చూచి, మాట్లాడక నాయనమ్మ మెడ కౌగిలించుకొనెను.

పొర యెంత వెడల్పుండవలెనన్న, కేకు అడ్డుకొలతకు ఎత్తును రెండుమారులు కూడి, అంచునకు మరి రెండంగుళములు చేర్పవలెను. మా కేకు ఆరంగుళముల అడ్డు, మూడంగుళముల ఎత్తు గనుక పదునాలుగంగుళములు. మా వారు లెక్కల మాస్టరు గనుక మందము మూడున్నర మిల్లీమీటర్లైన అర్ధకిలో ముద్ద పట్టునని కాగితముమీద వేసి చూపిరి. ఆ రాత్రి వారు చేసిన సాయ మదియే. కాని లెక్క తప్పలేదు.

పీటకు అంటకుండ మొక్కజొన్నపిండి చల్లుట వాడుక. రంగుపొరకు అది తెల్లమచ్చలు పెట్టును. నేతిచేయి రాచిన చాలును. పొరను కర్రకు చుట్టి యెత్తి, సుడినడుమ కేకునడుమకు సరిగా వచ్చునట్లు దింపవలెను. ఇక్కడ తొందర పనికిరాదు. నడుమ తప్పినచో మరల ఎత్తుటకు వీలులేదు. ముందు పైభాగము, పిమ్మట అంచులు, ఆ తరువాత ప్రక్కలు అరచేత సవరింపవలెను. ముడుత వచ్చినచోట క్రిందికి లాగక, ప్రక్కకు విప్పి నునుపు చేయవలెను. గాలిబుడగ నిలిచిన సూదిమొనతో పొడిచి వ్రేలితో నదుమవలెను.

పొరక్రింద కేకునకు పూత యుండవలెను. వెన్నపూత మన యెండలకు నిలువదు. వెన్న 32 డిగ్రీలు దాటినచో కరగ నారంభించును, మా కోనసీమలో శ్రావణమున అంత వేడి యుండనే యుండును. చాకొలెట్టు మీగడతో కలిపిన గనాష్ మేలు. చల్లని దేశములవారు రెండుపాళ్ళ చాకొలెట్టుకు ఒకపాలు మీగడ కలుపుదురు. మనము మూడుపాళ్ళు వేయవలెను. అది గట్టిపడిన పిదప పలుచని చక్కెరపాకము చేత్తో తడిపి పొర వేసిన అంటుకొనును.

తేమ ఈ కేకునకు పరమశత్రువు. చక్కెర గాలిలోని తడిని పీల్చును. వానకాలమున మూతలేక ఉంచినచో పొర చెమర్చి, రంగు కారి, మన సుడి ముఖము కడుగని పిల్లవలె నగుపడును. శీతలపేటికలో పెట్టవలసివచ్చిన, అట్టపెట్టెలో గట్టిగా మూసి పెట్టి, బయటికి తీసినపుడు పెట్టె మూత విప్పకయే గంటసేపు ఉంచవలెను. చెమట పెట్టెకు పట్టును, కేకునకు పట్టదు. చెమర్చిన కేకును వ్రేలితో ముట్టకుడు. పంఖా గాలికి తానే ఆరును.

కుంచెతో తెల్లపొరమీద రంగులు పూయు పద్ధతియు గలదు. నీరు పొరను కరగించును గనుక, దానికి వోడ్కా వంటి మద్యములోనో, మద్యముతో చేసిన నిమ్మసారములోనో రంగు కలుపుదురు. మా యింటికి అది తగదు. పొడిరంగును పొడికుంచెతో నద్దవచ్చును. సుడి అంత స్ఫుటముగా రాదు. ఈ పద్ధతి యందు మాకు మక్కువ లేదు.

మొదటి సగము, ఆ బురదముద్ద, పారవేయలేదు. దానిలో హానికరమైన దేదియు లేదు గదా. మరునాడు పిల్లలు దానితో తాబేళ్ళు, చెట్టుమొదళ్ళు, ఏనుగులు చేసి కేకు చుట్టును నిలిపిరి. ఒక యేనుగునకు తొండము రెండుమారులు విరిగినది.

సాయంకాలము కేకు కోసితిమి. లోపల సుడి లేదు, ఉత్త పసుపుపచ్చని కేకే. పైది చూచి లోపలను వెదకిన పిల్లలు కొంచెము నిరాశపడిరి. మా అమ్మాయి మొదటి ముక్క తీసికొని కుర్చీవద్దకు పోయెను. మా అత్తగారు, "ఇందులో ఏముందో చెప్పు" అని అడిగిరి. పిల్ల చైనాగ్రాసు మొదలుకొని నెయ్యివరకు పద్యము అప్పగించినట్లు అప్పగించెను. త్రికోణపు పొట్లము పారవేసిన ముచ్చట గూడ తానే చెప్పెను. ఆమె నోరు తెరచి తినిరి.

కొంతసేపటికి పళ్ళెము తీయబోయి చూచితిమి. కేకు అంతయు తిని, మేము రాత్రి రెండుగంటలవరకు మేలుకొని చేసిన రంగుల పొరను మాత్రము జాగ్రత్తగా ఒలిచి ప్రక్కన పెట్టిరి. "బాగుంది కానీ అమ్మాయీ, ఇది మరీ తీపి. చూడ్డానికి ఉంచు" అనిరి.